పుంగనూరు నుంచి తెచ్చిన మడ్డి

నేను ఆసుపత్రిలో నర్సును. ఆపరేషన్ గదిలో పని. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను చేసిందల్లా సూక్ష్మజీవుల్ని చంపడమే. కత్తెరలు ఉడికించాను, గుడ్డలకు ఆవిరి పట్టించాను, మోచేతుల దాకా సబ్బు రుద్దీ రుద్దీ చేతుల తోలు పోగొట్టుకున్నాను. అలాంటిదాన్ని ఒక సాయంత్రం పనిగట్టుకుని పుంగనూరు బస్సెక్కి, రవ్వంత సూక్ష్మజీవులుంటే పెట్టండని అడుక్కోవడానికి పోతానని ముందే ఎవరైనా చెప్పుంటే, వాళ్ళకు జ్వరం చూసి ఒక మాత్ర చేతిలో పెట్టి పంపేదాన్ని.

అదంతా ఒక చేప కోసం. అరచేయంత గోల్డ్‌ఫిష్. నారింజ రంగు ఒళ్ళు, తోక చివర మాత్రం తెలుపు. పెళ్ళికి ముందు నాకు కుప్పంలో ఉద్యోగం వచ్చినప్పుడు మా అన్న ఇచ్చాడు. అన్నది పుంగనూరులో ఫొటో స్టూడియో. ఫొటోకు కూర్చోబెట్టిన పిల్లలు ఏడవకుండా ఉండాలని స్టూడియోలో ఒక పెద్ద చేపల తొట్టి పెట్టుకున్నాడు. అందులో నుంచి ఒక పిల్ల చేపను, చిన్న గాజు తొట్టిని, బుడగలు వదిలే మోటారును, దానికి తగిలించే స్పాంజిని నాకు కట్టిచ్చి, "ఒక్కదానివే ఉంటావు గదమ్మా. పలకరించేదానికి ఒక ప్రాణం ఉండాల" అన్నాడు.

స్పాంజి గురించి మాత్రం ఒట్టు పెట్టించుకున్నంత పని చేశాడు. "దీన్ని కొళాయి కింద కడగొద్దు. సబ్బు అసలే చూపించొద్దు. మరీ మూసుకుపోతే తొట్టిలో నీళ్ళే ఒక చెంబుతో తీసుకుని, దాంట్లో రెండుసార్లు పిండి మళ్ళీ పెట్టెయ్. ఈ నల్లటి మడ్డిలో ఉండే పురుగులే చేపను బతికించేది" అన్నాడు. నర్సుకు మడ్డిని కాపాడమని చెప్పడం ఎలాంటిదంటే, పోలీసును దొంగకు కాపలా పెట్టినట్టే. అయినా అన్న మాట డాక్టరు చీటీలాగా పాటించాను.

ఆ తర్వాత నాకు మదనపల్లె సంబంధం కుదిరి పెళ్ళయింది. మా ఆయనకు మార్కెట్ యార్డులో ఉద్యోగం, ఊరు వదిలి రాలేడు. నాకేమో బదిలీ కాలేదు. అందుకని పెళ్ళయ్యాక కూడా కొన్నేళ్ళు నేను కుప్పంలో అద్దె గదిలోనే ఉన్నాను. డ్యూటీ లేని ఆదివారాలు మదనపల్లె వచ్చేదాన్ని. వచ్చినప్పుడల్లా మా అత్త చుట్టానికి చేసినట్టు పాయసం చేసేది, నన్ను వంటింట్లోకి రానిచ్చేది కాదు. అత్తలేని కోడలు ఉత్తమురాలంటారు. కుప్పంలో ఉన్నన్నాళ్ళూ నేను ఉత్తమురాలినే.

ఉత్తమురాలినే గానీ, సాయంత్రాలు మాత్రం గడిచేవి కావు. డ్యూటీ నుంచి వచ్చి తలుపు తీసేసరికి చేప గాజు దగ్గరికి వచ్చి మూతి ఆడించేది. ఆ రోజు ఎవరికి ఏ ఆపరేషన్ జరిగిందో, ఏ డాక్టరు ఎవరి మీద విసుక్కున్నాడో అన్నీ దానికే చెప్పేదాన్ని. నవ్వేవాళ్ళు నవ్వండి. ఆ గదిలో నన్ను చూసి కదిలే ప్రాణి అదొక్కటే.

మొన్న చలికాలం పోతుండగా మదనపల్లెకు బదిలీ అయింది. మా ఆయన సంబరపడిపోయి, నాకు చీర కొనకుండా చేపకు ఇల్లు కొన్నాడు. హాల్లో గోడ పొడవునా పట్టే గాజు తొట్టి, కొత్త గులకరాళ్ళు, కొత్త లైటు. నేను నా సామాను ముందే వ్యానులో పంపి, చేపను మూతకు చిల్లులు పెట్టిన స్టీలు క్యాన్‌లో పెట్టుకుని, పాత స్పాంజిని తడి ఆరకుండా తొట్టి నీళ్ళతోనే ఒక డబ్బాలో వేసుకుని బస్సెక్కాను. పలమనేరు దాటాక కండక్టరు క్యాన్ వైపు చూసి, "పాలా అమ్మా?" అన్నాడు. "చేపప్పా" అన్నాను. "పులుసుకా?" అన్నాడు. ఆ తర్వాత మదనపల్లె దాకా అతనితో మాట్లాడలేదు.

చేరింది గురువారం రాత్రి. చేపను క్యాన్‌లోనే ఉంచి, పొద్దున్నే తొట్టి సర్దుదామని పడుకున్నాను. తీరా పొద్దున చూస్తే కొత్త ఆసుపత్రిలో జాయిన్ కావడానికి పరుగెత్తాల్సి వచ్చింది. సాయంత్రం వచ్చాక చూసుకోవచ్చులే అనుకుని వెళ్ళిపోయాను.

మా అత్త శుక్రవారం సంగతి నాకు వినికిడే గానీ అనుభవం లేదు. ఆదివారం చుట్టానికి శుక్రవారం ఎలా తెలుస్తుంది? ఆమెకు శుక్రవారమంటే ఇల్లు మొత్తం నీళ్ళ పాలు కావాల్సిందే. గడపలు, కిటికీ ఊచలు, స్విచ్చి బోర్డు మూతలు, చివరికి చీపురు కట్ట కూడా కడిగి ఎండలో పెడుతుంది. నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి కొత్త తొట్టి నిండా నీళ్ళు తళతళలాడుతున్నాయి. గాజుకు పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టి ఉన్నాయి. చేప అందులో తిరుగుతోంది. ఒక మూల తెల్లగా, మల్లెపూవులాగా నా స్పాంజి.

"ఎంత మడ్డుండాదమ్మా దాంట్లో!" అంది అత్త గొప్పగా. "వేణ్ణీళ్ళల్లో నానబెట్టి, బోకులు తోమే సబ్బుతో మూడు తూర్లు రుద్దితే గానీ వదల్లేదు. ఎండకేసి, సాంబ్రాణి పొగ కూడా పట్టించినా. సూడు, ఎట్లుండాదో ఇప్పుడు!"

చేప వదిలే మలినం నీళ్ళలో విషమవుతుంది. ఆ విషాన్ని తిని హరాయించుకునే సూక్ష్మజీవులు స్పాంజిలో, రాళ్ళ మీద కాపురముంటాయి. కొత్త తొట్టిలో అవి పుట్టి పెరగడానికి వారాలు పడుతుంది. అందుకే కదా నేను పాత స్పాంజిని పసిబిడ్డలాగా మోసుకొచ్చింది. ఇప్పుడు నా చేప తన మలినంలో తానే ఉడికిపోవాలి.

నాకు కోపం వస్తే ముందు నోరు పోతుంది, తర్వాత నేను పోతాను. "ఎవరు ముట్టుకోమన్నారు మిమ్మల్ని? ఇన్నేళ్ళు నేను సాకినాను దీన్ని. ఒక్క పూటకు చంపేస్తిరే!" అన్నాను. మా అత్త కొంగుతో చేతులు తుడుచుకుని వంటింట్లోకి పోయింది. ఆ రోజు నుంచి ఆమె నాతో మాట్లాడటం తగ్గించేసింది. తిన్నావా అంటే తిన్నావా, అంతే. వంటింట్లో నేను ఏం చేసినా చూసేది, పెదవులు బిగబట్టుకునేది, పక్కకు పోయేది. సరే, అలిగింది, నేను మాత్రం బతిమాలను అని నేనూ బిగుసుకున్నాను. గిన్నెలు మాత్రం కాస్త చప్పుడు చేస్తూ పెట్టేదాన్ని. అత్త మీద కోపం దుత్త మీద చూపడం ఊరికే పుట్టిన మాట కాదు.

రెండు రోజులకు నీళ్ళు బియ్యం కడుగులాగా తెల్లబడ్డాయి. చేప అవతలి గోడ పక్కకు పోతే కనిపించేది కాదు. భయపడి అన్నకు ఫోన్ చేశాను. అందరూ వినాలని స్పీకర్లో పెట్టాను. అందరూ అంటే అత్త అని వేరే చెప్పాలా?

"తెల్లగా అయితే అవనీ" అన్నాడు అన్న. "అవి కూడా పురుగులే. ఖాళీ ఇల్లు దొరికిందని గుంపుగా వచ్చి పడినాయి, తిండి లేక అవే పోతాయి. మనకు పనికొచ్చేవి నిదానంగా పుడతాయి. నీళ్ళు మొత్తం పారబొయ్యొద్దు. దినానికి రెండు మూడు బిందెలు తీసి, అన్నే పొయ్యండి. కొళాయి నీళ్ళు రాత్రంతా పట్టిపెట్టి, బ్లీచింగు వాసన పోయినాకనే పొయ్యండి. మేత మాత్రం శానా తక్కువ. అది తిన్నదంతా విషమే. ఇంగ గాజు మీద తట్టొద్దు, పిలవొద్దు. దాని మానాన దాన్ని వదిలెయ్యండి."

"నీ తొట్టిలో స్పాంజి ఒకటి ఇయ్యి గదన్నా" అన్నాను.

"తీసుకుపో, నాకాడ రెండుండాయి. నేను తెద్దామంటే పెళ్ళిళ్ళు, ఊర్లు పట్టుకుని తిరుగుతాండాను. మీ వదిన ఉంటాది, వచ్చి తీసుకుపో."

నాకా కొత్త డ్యూటీ, సెలవు అడిగే మొహం లేదు. మా ఆయనకా టమోటా లారీల గోల, ఇంటికి భోజనానికి రావడమే గగనం. ఈలోగా చేప అడుగుకు పోవడం మానేసింది. పైన బుడగల దగ్గరే మూతి పెట్టుకుని, మొప్పలు ఎర్రగా చేసుకుని ఆయాసపడేది. నేను పోతే గాజు దగ్గరికి వచ్చేది కాదు. ఆసుపత్రిలో ఎన్ని ప్రాణాలు చూసినా ఇది మాత్రం నా వల్ల కాలేదు. ఒకరోజు ఆపరేషన్ గది వెనక నిలబడి ముక్కు చీదుకుంటుంటే, తోటి నర్సు ఇంట్లో ఎవరికి బాలేదమ్మా అని అడిగింది. చేపకని చెప్పడానికి నోరు రాలేదు. మా వాళ్ళకు అన్నాను.

చివరికి శుక్రవారం కాస్త ముందుగా వదిలారు. ఎప్పుడు వీలైతే అప్పుడు పోదామని స్టీలు క్యాన్‌ను, ఉతికిన స్పాంజిని సంచిలో పెట్టుకునే తిరుగుతున్నాను కాబట్టి, అటునుంచి అటే బస్సెక్కి, పుంగనూరులో దిగేసరికి వీధి లైట్లు వెలుగుతున్నాయి. స్టూడియో కింద, ఇల్లు పైన. వదిన అప్పుడే దేవుడి దగ్గర దీపం పెట్టి, స్టవ్ మీద పాలు పెడుతోంది. ఆమెది మంచి మనసు. అడగక ముందే ఇచ్చే చెయ్యి. ఆ నమ్మకంతోనే నేను స్పాంజి కావాలన్నాను.

"దాన్ని ఏం చేసుకుంటావు పాపా? నల్లగా, జిడ్డుగా ఉంటాది. మీ అన్ననడిగి కొత్తది తెప్పిస్తాలే" అంది.

అప్పుడు ఆ జిడ్డుదే చాలని తీసుకుని ఊరుకుంటే పోయేది. నాకు తెలివి ఎక్కువ కదా, అర్థమయ్యేలా చెబుదామనుకున్నాను. "అట్ల కాదు వదినా. ఇది పెరుగు తోడు మాదిరి. పాలల్లో రవ్వంత తోడేస్తే తెల్లారేసరికి గిన్నెంతా పెరుగైతాది గదా? మీ తొట్టిలో పురుగులు మా తొట్టిలో వేస్తే, అక్కడ కూడా అట్లనే పెరుగుతాయి. నేను వచ్చింది తోడు కోసమే."

వదిన ముఖం చక్కగా వెలిగింది. అర్థమైంది. మరుక్షణం చక్కగా ఆరిపోయింది.

"అయ్యో! తోడా? ఇప్పుడెట్లిస్తా పాపా? శుక్రవారం. అందులోనూ దీపాలు పెట్టినాక."

నేను బిత్తరపోయాను. "తోడంటే నిజం తోడు కాదు వదినా. స్పాంజి."

"నువ్వే గదమ్మా తోడంటివి! దీపం పెట్టినాక పాలు, పెరుగు, తోడు గడప దాటితే లక్ష్మి ఎల్లిపోతాది. ఈ పొద్దు మా అమ్మ వచ్చి అడిగినా ఇయ్యను."

"అవి పురుగులు వదినా! లక్ష్మి కాదు!"

"ఆ పురుగులు కూడా తోడు మాదిరే అని నువ్వే చెప్తివి గదా?"

ఆమెతో వాదించి గెలవలేనని నాకు అర్థమైంది. నేను తవ్విన గోతిలో నేనే పడ్డాను. అన్నకు ఫోన్ చేస్తే, అక్కడెవరిదో పెళ్ళి డోలు మోగుతుంటే, ఆయన ఒకటే నవ్వు. "మీ వదినకు తోడని యాల చెప్తివే? మడ్డి అనింటే బిందెతో ఇచ్చుండేది! రాత్రికి ఆడనే ఉండి తెల్లారినాక తీసుకుపో" అన్నాడు. తెల్లారేదాకా చేప ఉంటుందో ఉండదో నాకు తెలియదు. అక్కడే మెట్ల మీద కూర్చున్నాను. ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

వదిన కాసేపు స్టవ్ దగ్గర, కాసేపు నా దగ్గర తిరిగింది. తర్వాత పాలగిన్నె వైపు చూస్తూ, ఎవరితోనో చెబుతున్నట్టు అంది. "ఆడబిడ్డ ఈ ఇంట్లో పుట్టిన మనిషి. తన ఇంట్లో వస్తువు తన చేత్తో తీసుకుంటే అది ఇచ్చినట్టెట్లయితాది? స్టూడియో బీగం చెవి ఆ మేకుకే ఉండాది. నాకు పాలు పొంగుతాండాయి. నేను ఆ పక్కకు తిరిగి ఉండాను, ఏమీ సూడలేదు."

పాలు ఇంకా గోరువెచ్చగా కూడా కాలేదు. నేను ఆమెను వెనక నుంచి గట్టిగా పట్టుకుని, తాళంచెవి తీసుకుని కిందికి దూకాను. అన్న తొట్టిలో రెండు స్పాంజిలూ నల్లగా, లావుగా, ఎవరూ ముట్టుకోని గౌరవంతో ఉన్నాయి. ఒకటి తీసి తొట్టి నీళ్ళతోనే క్యాన్‌లో వేసుకున్నాను. మా అత్త మల్లెపూవులా ఉతికిన స్పాంజిని దాని స్థానంలో తగిలించాను. అక్కడైతే దానికీ నాలుగు వారాల్లో మడ్డి పడుతుంది. పైకొచ్చి తాళంచెవి మేకుకు పెట్టేటప్పుడు కూడా వదిన ఇటు తిరగలేదు. "జాగ్రత్తగా పో పాపా, మూత గట్టిగా పెట్టుకో" అని మాత్రం అంది. చూడని మనిషికి మూత సంగతి ఎలా తెలిసిందో నేను అడగలేదు.

ఇల్లు చేరేసరికి అత్త తొట్టి ముందు పీట వేసుకుని కూర్చుని ఉంది. పక్కన ఒక బిందె ఖాళీగా, రెండు బిందెలు నిండుగా ఉన్నాయి. చెంబుతో తొట్టిలో నీళ్ళు తీస్తోంది, చప్పుడు కాకుండా, అలలు లేవకుండా. నేను డ్యూటీకి పోయాక మధ్యాహ్నం ఈ పని మా ఆయన వచ్చి చేస్తున్నాడనుకున్నాను. ఆయనకు అంత ఓపిక ఎక్కడిది? రోజూ చేసింది ఆమే. ఇంటికొచ్చిన పిల్లికి కూడా అన్నం పెట్టకుండా పంపని మనిషి, చేప మేత డబ్బాను మాత్రం తనకే అందకుండా అటక మీద పెట్టించుకుంది. "ఆకలిగా సూస్తాండాది నా తట్టు. సూసి ఊరికుండాలంటే శానా కష్టంగా ఉండాది" అని నాతో కాదు, చేపతో అంది.

క్యాన్ మూత తీసి చూపించాను. ఆమె లోపలికి తొంగిచూసి, ఆ నల్లటి జిడ్డు చూసి, ముఖం ఒక పక్కకు తిప్పుకుంది. ఒక జీవితకాలం శుక్రవారాలన్నీ ఆ ముఖంలో కనిపించాయి. మళ్ళీ ఇటు తిరిగి, తన చేత్తోనే గాజు మూత పైకెత్తి పట్టుకుంది. నేను స్పాంజిని మోటారుకు తగిలించాను. కాస్త మడ్డి పొగలాగా లేచి నీళ్ళలో పరుచుకుంది.

మరునాడు ఏమీ తేడా లేదు. తర్వాత రోజు ఆయాసం కాస్త తగ్గినట్టు నాకు అనిపించింది, మా ఆయనకు అనిపించలేదు. బిందెలు మార్చడం, నీళ్ళు పట్టిపెట్టడం, మేత గిల్లి వేయడం అలాగే సాగాయి. మధ్యలో ఒక శుక్రవారం వచ్చింది. అత్త ఇల్లంతా కడిగి, తొట్టి దగ్గరికి వచ్చేసరికి చీర కుచ్చిళ్ళు పైకి పట్టుకుని ఎడంగా నడిచిపోయింది, మడి కట్టుకున్న మనిషి పక్కనుంచి పోయినట్టు. ఆ తర్వాత తెలుపు ఎప్పుడు పోయిందో ఎవరూ చూడలేదు. ఒక పొద్దున కాఫీ గ్లాసుతో హాల్లోకి వస్తే, తొట్టి అవతలి గోడకున్న సున్నం పగులు కూడా కనిపిస్తోంది. చేప అడుగున ఉంది. తలకిందులుగా నిలబడి, గులకరాళ్ళు ఒక్కొక్కటే నోట్లోకి తీసుకుని ఉమ్ముతోంది. నన్ను చూసి రాయి వదిలేసి గాజు దగ్గరికి వచ్చి మూతి ఆడించింది. నేను కాఫీ అక్కడే నేల మీద పెట్టేసి, పెద్దగా నవ్వేశాను. అంత సంతోషం బదిలీ ఆర్డరు చేతికొచ్చినప్పుడు కూడా కలగలేదు.

ఆ ఆదివారం అన్న వచ్చి, నీళ్ళు ఒక గాజు సీసాలో పట్టి, విషం ఉందో లేదో తేల్చే మందు చుక్కలు వేసి, రంగు చూసి, "కుదురుకున్నాయి. ఇంగ దీనికి భయం లేదు" అన్నాడు.

"నిజంగానే?" అంది అత్త. "మళ్ళీ ఏమీ కాదు గదా?"

"కాదు పెద్దమ్మా."

అన్న బస్సు ఎక్కగానే అత్త వచ్చి నా ఎదురుగా నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "సరే, ఇంగ నాకు జవాబు చెప్పు. ఉప్పు డబ్బా పొయ్యి పక్కన యాల పెట్టినావు? నీరు పట్టి రాయి మాదిరి అయిపోయింది. పోపులో ఆవాలు చిటపట అనకముందే ఎవరైనా ఎండుమిరక్కాయలు ఏస్తారా? తడి గుడ్డ తలుపు మీద ఏసేది యాడ నేర్చుకుంటివి? బోకులు అట్ల కొడితే సొట్టలు పడవా?"

నేను నోరు తెరిచాను. "ఇన్నాళ్ళూ యాల చెప్పలేదత్తా? నా మీద అలిగి మాట్లాడలేదనుకున్నా."

"అలిగేదానికి నేనేమన్నా కొత్త పెళ్ళికూతురినా? వచ్చిన మరుసటి దినమే నీ చేపకు అట్లయిపాయ. ఏడుపు మొగం పెట్టుకుని తిరుగుతాంటివి. కొత్త ఇల్లు, కొత్త ఆసుపత్రి. ఆ పైన నేను కూడా మొదలుపెడితే నువ్వు తట్టుకుంటావా? నువ్వు కుదురుకునేదాకా ఏమీ అనకూడదని, నోరు కట్టుకుని ఎంత అవస్థ పడినానో నాకే తెలుసు. ఇప్పుడు చేప బాగుండాది, నువ్వు బాగుండావు. ఆ తడి గుడ్డ తియ్యి ముందు."

తీశాను. ఆమె ఆగలేదు. కరివేపాకు గురించి, చెప్పుల గురించి, లైట్లు ఆర్పకపోవడం గురించి ఒకదాని వెనక ఒకటి అందుకుంటూనే ఉంది. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరుగుతుంటే ఉల్లిపాయలు ముందరేసుకున్నాను. కుప్పంలో అన్నేళ్ళున్నాను. అక్కడ నన్ను ఇలా తిట్టేవాళ్ళు ఒక్కరూ లేరు.